ఎదురొచ్చే మనిషి

లక్సెట్టిపేట
12 జూన్ 1994

ప్రియమైన అక్కా,

నా పంతులమ్మ ఉద్యోగానికి నిన్నటితో నీళ్లొదిలేశాను. ఎవరూ తీసెయ్యలేదు, నేనే రాజీనామా ఇచ్చి బయటికొచ్చాను. మా హెడ్మాస్టరు సాంబయ్య సారు తల పట్టుకున్నాడు. "బంగారమసొంటి నౌకరి ఇడిసిపెట్టి ఏం చేస్తరమ్మా? ఇంట్ల కూసొని రామా కృష్ణా అనుకుంటరా?" అన్నాడు. ఇంట్లో కూర్చోవడం నాకు కొత్త కాదు సారూ, ఆయన పోయాక ఆసిఫాబాదులో అత్తగారింట పదకొండేళ్లు కూర్చునే ఉన్నాను, అందులో ఏమీ లేదు అని చెప్పాను.

ఇంతకీ ఏం చేస్తానంటావా? ఇన్నేళ్లుగా ఆదివారాలు చేస్తున్నదే ఇక రోజూ చేస్తాను. మా అరుగు మీదికి ఎవరెవరో వస్తారని నీకు రాశాను కదా. మొగుడు వదిలేసినామె వస్తుంది, మొగుడు పోయినామె వస్తుంది, పరీక్ష తప్పి పురుగుల మందు తాగి బతికిన పిల్లను తల్లి చెయ్యి పట్టుకుని తీసుకొస్తుంది. నేను వాళ్ల కన్నీళ్లు తుడవను, అది చుట్టాలు చేస్తారు. రేపు పొద్దున లేచి ఏం చెయ్యాలో చెప్తాను, వెంట ఉండి చేయిస్తాను. నాకు 1969లో, ఇరవై రెండేళ్లప్పుడు అట్లాంటి మనిషి ఒక్కరు దొరికి ఉంటే పదకొండేళ్లు మిగిలేవి.

"బతుకుదారి కేంద్రం" అని బోర్డు రాయించాను. రాసిన రాయమల్లు తనకు తోచి కింద ఒక అరచెయ్యి బొమ్మ కూడా వేశాడు. ఇదేమిటయ్యా అంటే, "జాతకం జెప్తరు గదా టీచరమ్మా" అన్నాడు. వాడితోనే తుడిపించాను. ఇప్పటికీ ఎండ పడితే వేళ్లు కనబడుతున్నాయి.

నీ ఉత్తరంలో మామిడికాయ తొక్కు గురించి రెండు పేజీలు రాశావు. ప్రమోదిని గురించి ఒక్క ముక్క లేదు. పిల్ల ఎట్లా ఉంది?

నీ చెల్లెలు
సరళ

కరీంనగర్
25 జూన్ 1994

చి. సరళకు అక్క ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. ధైర్యం చెప్పడం కూడా ఒక ఉద్యోగమేనా అని మీ బావ మొదట నవ్వారు. తరవాత ఆయనే, "మన సరళ ముందునుంచీ హుషారే" అన్నారు. ఆయన కూడా ఈ మధ్య నలుగురు పెద్దమనుషులతో కలిసి "ఆత్మవిశ్వాస వేదిక" పెట్టారు. హైదరాబాదు నుంచి పుస్తకాలు తెప్పించి, కాలేజీ పిల్లలను కూర్చోబెట్టి, విజయం ఎట్లా సాధించాలో చెప్తున్నారు. కొత్త కోటు కుట్టించారు.

ప్రమోదిని గురించి ఏం రాయను? అల్లుడు స్కూటరు ప్రమాదంలో పోయి నాలుగు నెలలైంది. పిల్ల వెనక అర్రలో కూర్చుంటే కూర్చున్నట్టే ఉంటుంది. అన్నం ముందర పెడితే మెతుకులు లెక్కపెడుతుంది. ఇరవై నాలుగేళ్లకే ఈ రాత రాశాడు దేవుడు. నువ్వు ఈ బాధ పడి గట్టెక్కినదానివి. కొన్నాళ్లు నీ దగ్గర ఉంచుకో. నాలుగు మాటలు చెప్పి ఓపిక నేర్పు. గాలి మార్పు ఉంటుందని పంపుతున్నాను, అంతే, వేరే ఏమీ లేదు. శుక్రవారం బస్సుకు వస్తుంది. తొక్కు కూడా పంపుతున్నాను.

నీ అక్క
జానకి

లక్సెట్టిపేట
20 జూలై 1994

అక్కా,

తొక్కు బాగుంది. ఉప్పు జాస్తి.

నీ బిడ్డ వచ్చిన మర్నాడు ఒకటి చూశాను. వీధి తలుపు తీసి, సందులోంచి అటూ ఇటూ చూస్తూ నిలబడింది. ఎవరికోసమే అంటే, "ఎవలన్న పనికి బయల్దేరుతున్నరేమోనని చిన్నమ్మా. ఆళ్లు పోయినంక పోత" అంది. నా ఒళ్లు మండిపోయింది. మొగుడు పోయిన ఆడది ఎదురొస్తే పని చెడుతుందని, ఆమె ముందు తప్పుకోవాలని నాకు ఎవరూ నోటితో చెప్పలేదు, మొహాలు తిప్పుకోవడం చూసి ఏళ్ల తరబడి నేర్చుకున్నాను. ఇది నాలుగు నెలల్లోనే ఎట్లా నేర్చింది? "అమ్మ జెప్పింది" అంది.

అక్కా, నువ్వు చెప్పావా?

ఇంకొకటి కూడా చెప్పింది. సుదర్శన్‌కు సంబంధాలు చూస్తున్నారట. పిల్ల తరఫు వాళ్లు వచ్చే వేళకు మొగుడు పోయిన అక్క ఇంట్లో కనబడకూడదని ఇక్కడికి పంపారట. గాలి మార్పు అని రాశావు. గాలి మార్పు ఎవరికి కావాలో నాకు తెలిసిపోయింది. తమ్ముడి పెళ్లికి అక్క అడ్డమా? అప్పుడు తొట్టెలూపిన చెయ్యే కదా అది!

నా పద్ధతి నీకు రాయలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. నా దగ్గరికి వచ్చినవాళ్లను పొద్దున్నే బస్టాండు దారిన నడిపిస్తాను. జనం కోర్టుకూ కచ్చేరికీ బేరాలకూ బయల్దేరే వేళకే, వాళ్లకు ఎదురుగానే. తల వంచొద్దు, పక్కకు తప్పుకోవద్దు, తెలిసినవాళ్లయితే నమస్కారం పెట్టాలి. అంతకంటే పెద్ద పాఠం నా దగ్గర లేదు.

మొదటిరోజు ప్రమోదిని నా కొంగు పట్టుకుని నడిచింది. మిషను కుట్టే షకీలా కూడా మాతో వస్తుంది. "మా ముస్లిములల్ల గిట్ల ఎదురు గిదురు లేదు టీచరమ్మా. మా ఆయన ఇడిసిపెట్టినంక మాత్రం నన్ను జూసి గూడ మొఖం తిప్పుతున్రు. నేనూ వస్త" అని నవ్వుతూ చేరింది. బస్టాండు ముందు చాయ అమ్మే బాలమల్లు మమ్మల్ని చూసి, "జర ఆగుండ్రి, ఇంక బోణీ కాలే" అన్నాడు. బోణీ మేమే, మూడు చాయలు పొయ్యి అన్నాను. పోసిన చాయ సగం బయటే ఒలికింది. అయినా ఆ రోజు మధ్యాహ్నానికే అతని పాలు అయిపోయాయి. ఇప్పుడు మేం ఆలస్యంగా వెళ్తే, "ఏమైంది టీచరమ్మా, పాణం బాగలేదా?" అని అడుగుతున్నాడు.

నీ బిడ్డ నిన్న నా కొంగు వదిలేసి నడిచింది. ఇంటికొచ్చి రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

సరళ

కరీంనగర్
30 ఆగస్టు 1994

సరళా,

నీకు బుద్ధి ఉందా? నేను పంపింది పిల్లకు ధైర్యం చెప్పమని. బజారులో నిలబెట్టమని కాదు.

మీ ఊళ్లో ఉండే కలప కాంట్రాక్టరు లక్ష్మీకాంతరావు గారు మీ బావకు ఎంత దగ్గరవాడో నీకు తెలుసు. ఆయన మంచిర్యాలలో కలప వేలానికి బయల్దేరితే ప్రమోదిని ఎదురొచ్చిందట. ఎదురొచ్చింది చాలక నమస్కారం పెట్టిందట! ఆయన తిరిగి ఇంటికి పోయి, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరారట. అయినా వేలం చేజారింది. ఫోనులో మీ బావను ఏమన్నారో నేను రాయలేను. "నీ బిడ్డను కట్టేసుకో" అన్నది మాత్రం నా చెవికీ వినబడింది. ఈయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

లోకం మన ఇద్దరం మారిస్తే మారుతుందా? వెయ్యేళ్ల నుంచి ఉన్నది. నీకేం, ఒంటిదానివి, బోర్డు పెట్టుకుని ఏమైనా అంటావు. నేను సంసారంలో ఉన్నాను. రేపు సుదర్శన్ సంబంధం తప్పిపోతే ఎవరిని అనాలి?

అక్టోబరు రెండున వేదిక వాళ్ల పెద్ద సభ ఉంది. "కష్టాలను జయించిన ధీరవనిత" అని మీ బావ నీ పేరు కార్డులో అచ్చు వేయించారు. చూశావా, ఆయనకు నీ మీద ఎంత గౌరవమో. నువ్వు రా. దాన్ని వెంట తీసుకురా.

జానకి

లక్సెట్టిపేట
8 సెప్టెంబరు 1994

శ్రీమతి జానకీబాయి గారికి నమస్కారములు.

లక్ష్మీకాంతరావు గారి కలప ఎక్కువ పాట పాడినవాడికి పోయింది. మన పిల్ల మొహం చూసి టేకు దుంగలు లేచి పారిపోలేదు. ఆయన ఇంటికి పోయి నీళ్లు తాగి కూర్చోకుండా నేరుగా పోయి ఉంటే వేళకు అందుకునేవాడేమో, అది ఎవరూ చెప్పరు.

నన్ను ఒంటిదానివి అన్నావు. అవును. ఒంటిదాన్ని చేసింది దేవుడైతే, ఒంటిగా ఉంచింది మాత్రం మనవాళ్లే. అప్పుడు కూడా, "వెయ్యేళ్ల నుంచి ఉన్నది" అనే అన్నారు.

సభకు వస్తాను. ప్రమోదిని కూడా వస్తుంది, మళ్లీ నాతోనే వెనక్కి వస్తుంది. ఇక్కడి ఇంగ్లీషు మీడియం బడిలో లెక్కల టీచరు కావాలన్నారు. పోయి పాఠం చెప్పి చూపించి వచ్చింది. పిల్లలకు నచ్చింది. దీపావళి దాటాక చేరమన్నారు. చదివిన బీయెస్సీ వెనక అర్రలో మెతుకులు లెక్కపెట్టడానికి కాదు కదా.

సరళ

లక్సెట్టిపేట
4 అక్టోబరు 1994

అక్కా,

ఒంటరిగా బస్సులో వచ్చాను. రాయపట్నం వంతెన దాటేదాకా ఏడ్చాను. దాటాక కోపం వచ్చింది. ఆ కోపం చల్లారకముందే రాస్తున్నాను.

సభ రోజు పొద్దున నేను చీర కట్టుకుని తయారుగా ఉన్నాను. నువ్వు చాయ తెచ్చి, వెనక అర్రలో నన్నూ ప్రమోదినినీ కూర్చోబెట్టి, "జర ఆగు, జీపుల జాగ లేదు, నీకు రిక్షా పిలిపిస్త" అన్నావు. పోతూ పోతూ తలుపు దగ్గరికి వేశావు. అర్రకు కిటికీ ఉందని మరిచిపోయావు. బావ కోటు వేసుకుని వాకిట్లోకి వచ్చారు. నువ్వు చెంబుతో నీళ్లు పట్టుకుని, నిండుగా కుంకుమ పెట్టుకుని ఎదురు నడిచావు. జీపు పోయింది. అందులో డ్రైవరు, బావ, ఒక పూలదండల బుట్ట. బుట్టకు జాగ ఉంది.

ఆ బుట్టలోని దండే సభలో నా మెడలో వేశారు. "మా మరదలు సరళాదేవి! ధైర్యానికి ఇంకో పేరు! మూఢత్వానికి ఎదురు నిలిచిన మనిషి!" అని బావ మైకులో అంటుంటే హాలు దద్దరిల్లేలా చప్పట్లు. ఎదురు రాకుండా అర్రలో కూర్చోబెట్టి, ఎదురు నిలిచిందని దండ వేస్తారా? ఆ మాట మైకులోనే అనాలని నోటిదాకా వచ్చింది. ముందు వరసలో నువ్వు పుస్తెలు పట్టుకుని నావైపే చూస్తున్నావు, ఏమంటానోనని. నాలుగు మంచి మాటలు చెప్పి దిగిపోయాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

సాయంత్రం ప్రమోదిని బట్టలు సర్దుకుంటే, "ఇగ పిల్ల ఎటూ పోదు. ఈన్నే ఉంటది" అన్నారు బావ. పిల్ల నీవైపు చూసింది. నువ్వు వంటింట్లోకి వెళ్లిపోయావు.

బావను నేను తప్పుపట్టను. ఆయనకు ధైర్యం అంటే కోటు లాంటిది, సభకు వేసుకుని ఇంటికొచ్చి చిలక్కొయ్యకు తగిలిస్తారు. కానీ నువ్వు తల్లివి. నాకు ఒక్కటే చెప్పు. ఆ తలుపు దగ్గరికి వేసేటప్పుడు నీ చెయ్యి ఎట్లా ఆడింది?

సరళ

కరీంనగర్
16 అక్టోబరు 1994

చి. సరళకు,

ఇట్లాంటి ఉత్తరాలు రాయకు. వచ్చిన ఉత్తరాలు ఈ మధ్య మీ బావే ముందు చూస్తున్నారు.

సుదర్శన్‌కు జగిత్యాల సంబంధం కుదిరింది. నవంబరు ఆరున, ఆదివారం, మాట ఖాయం చేసుకోవడానికి పోతున్నాం. పిల్ల బాగుంటుంది. మంచి కుటుంబం.

పండుగ బాగా జరిగింది. సద్దుల బతుకమ్మ నాడు వాడకట్టు ఆడవాళ్లందరూ మన వాకిట్లోనే ఆడారు. నేనూ ఆడాను. ఆడుతుంటే ప్రమోదిని అర్రలోంచి పాట అందుకుంది, లోపలి నుంచే, సన్నగా. నాకు అడుగు తప్పింది. ఎవరూ గమనించలేదు.

నిన్ను ఎన్నడూ అడగలేదు. పదకొండేళ్లు ఆ అర్రలో నువ్వు ఏం చేశావు?

జానకి

లక్సెట్టిపేట
22 అక్టోబరు 1994

అక్కా,

బావ చదివితే చదవనీ. ఆయనకూ తెలియాలి.

ఏం చేశానంటావా? చప్పుళ్లు విన్నాను. ఎవరు ఎప్పుడు బయల్దేరుతున్నారో చెప్పుల చప్పుడును బట్టి తెలిసేది. మా ఆయన అన్న, పెద్ద బావగారి కిర్రుచెప్పులు గేటు దాటితేనే నేను నీళ్లకు బయటికి రావాలి. దాహంతో ఎన్నో పొద్దులు కూర్చున్నాను. బావి పదడుగుల దూరంలో ఉంది. పిల్లల చిరిగిన పుస్తకాలు చదివాను. అవి కూడా అయిపోతే గోడకు అంటించిన పాత పేపరు చదివాను.

ఒకరోజు నాకు జ్వరం. చప్పుడు సరిగ్గా వినలేదు. బయటికొస్తే పెద్ద బావగారు ఎదురుగా ఉన్నారు, భూమి తగాదా మీద కోర్టుకు బయల్దేరుతున్నారు. వెనక్కి పోయి నీళ్లు తాగి మళ్లీ పోయారు. కేసు ఓడిపోయారు. రాత్రి ఇంటిల్లిపాదీ నా మీద పడ్డారు. వాళ్లు తిడుతుంటే నాకు ఏడుపు రాలేదు, ఒక ఆలోచన వచ్చింది. వకీళ్లు, సాక్షులు, జడ్జి ఇంతమంది ఉండగా, నా మొహం ఒక్కటే తీర్పును తిప్పేసిందా? అంత బలం ఉన్నదాన్ని ఈ చీకట్లో ఎందుకు కూర్చున్నాను? తెల్లవారగానే చెప్పులేసుకుని ముందు వాకిలి నుంచే నడిచి వెళ్లిపోయాను. ఆపడానికి నాకు ఎదురు రావాలి కదా, ఎవరూ రాలేదు.

ఎవరూ నాకు తోడు లేరు అక్కా. నువ్వు కూడా లేవు. ఇది నిష్ఠూరం కాదు, ఉన్న మాట. నీ బిడ్డకు మాత్రం తల్లి ఆ ఇంట్లోనే ఉంది.

నవంబరు ఏడు, సోమవారం బడిలో చేరాలి. చేరకపోతే ఇంకొకరిని తీసుకుంటారు. ఆదివారం బస్సు ఎక్కించు.

సరళ

కరీంనగర్
6 నవంబరు 1994

నా చెల్లెలు సరళకు,

ఈ ఉత్తరం చేరేలోపు ప్రమోదిని చేరి ఉంటుంది. పెద్ద పెట్టెతో వచ్చింది కాబట్టి నీకు అర్థమయ్యే ఉంటుంది.

నీ పోయిన ఉత్తరాన్ని మీ బావే విప్పారు. నీ పొగరు నాకు చూపించడానికని గట్టిగా చదివారు. వంటింట్లో నేనూ, అర్రలో అదీ విన్నాం. "బావి పదడుగుల దూరంలో ఉంది" అన్న చోట ఆయన గొంతు కూడా కొంచెం తగ్గింది. మళ్లీ సవరించుకుని చదివారు.

ఈ పొద్దున జీపు వచ్చింది. సుదర్శన్ కొత్త బట్టల్లో ఉన్నాడు. ఇద్దరు పెద్దమనుషులు వెనక ఎక్కారు. మీ బావ నన్ను పక్కకు పిలిచి, "పిల్లను జర సూస్కో, బయటికి రానియ్యకు" అన్నారు. నేను పట్టుచీరలో ఉన్నాను. అర్ర గొళ్లెం పెడదామని పోయాను. అబద్ధం ఎందుకు, పెడదామనే పోయాను. అది తలుపు వెనక పెట్టె పట్టుకుని, చెప్పులేసుకుని, సందులోంచి వాకిలి చూస్తూ నిలబడి ఉంది. నన్ను చూసి, "మీరందరు పోయినంక పోతనమ్మా. అప్పటికి బస్సు ఉంటదో ఉండదో" అంది.

కోపంగా అని ఉంటే నేనూ కోప్పడేదాన్నేమో. అది నన్ను అనుమతి అడుగుతోంది, సరళా! నేను కన్న పిల్ల, దాని బాపు వాకిలి దాటడానికి మా వీపులు కనబడేదాకా ఆగుతానంటోంది. దాని రెక్క పట్టుకుని, "నడువు, ముందు నువ్వే నడువు" అన్నాను.

ముందు వాకిలి నుంచే నడిచింది. మీ బావ జీపు మెట్టు మీద కాలు పెట్టారు, ఇది ఎదురొచ్చింది. ఆగి, ఆయన మొహంలోకి చూసి నమస్కారం పెట్టింది. "పోయొస్త బాపూ" అంది. పెద్దమనుషులు తలలు దించుకున్నారు. ఆయన కాలు దించి లోపలికి పోయి, మంచినీళ్లు తాగి, ఉయ్యాల మీద కూర్చున్నారు. సుదర్శన్ చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. అక్క పెట్టె మోస్తుంటే అందుకోలేదు. అందరికంటే వాడి మీదే నాకు ఎక్కువ కోపం.

రిక్షా పిలిచి బస్టాండు దాకా వెళ్లాను. ధర్మపురి మీదుగా పోయే బస్సు దొరికింది. కిటికీ పక్కన కూర్చోబెట్టాను. బస్సు కదిలేటప్పుడు, "అమ్మా, బాపుతోటి పైలం" అంది. అది నా గురించి ఫికర్ చేస్తోంది!

ఇంటికొస్తే మీ బావ ఇంకా ఉయ్యాల మీదే ఉన్నారు. కోప్పడతారనుకున్నాను. మెత్తగానే మాట్లాడారు. "అయ్యిందేదో అయ్యింది. టైము దాటిపోతున్నది. చెంబుల నీళ్లు తీస్కొని నువ్వు ఎదురు రా, శకునం మంచిగైతది. బయల్దేరుదం" అన్నారు.

ముప్పై ఏళ్లుగా ఆయన ఏ పనికి బయల్దేరినా చెంబుతో ఎదురు వెళ్లింది నేనే. అది నా గొప్ప అనుకునేదాన్ని. ఈ రోజు చెంబు చేతిలోకి తీసుకుని కూడా అడుగు పడలేదు. పెద్దమనుషులు ఉన్నారని కూడా చూడకుండా అడిగేశాను.

"నా బిడ్డ ఎదురొస్తే చెడిపోతది, నేనెదురొస్తే మంచిగైతది. మా ఇద్దరికి ఏం ఫరక్ ఉన్నది? మీ పాణం ఒక్కటే గదా. రేపు మీరు లేకుంటే నన్ను గూడ గా అర్రల్నే ఏస్తరు గదా?"

"గవేం మాటలే! నోరు మంచిగుంచుకో" అని గద్దించారు.

చెంబు అక్కడే పెట్టి ప్రమోదిని అర్రలోకి వచ్చి కూర్చున్నాను. ఈ ఉత్తరం ఇక్కడ నుంచే రాస్తున్నాను. సన్నటి కిటికీ ఒక్కటే ఉంది. పట్టపగలు కూడా అక్షరాలు కనబడడం లేదు. ఇందులో నా పిల్లను ఎన్ని నెలలు కూర్చోబెట్టాను!

బయట ఒకరి తరవాత ఒకరు వచ్చి పిలుస్తున్నారు. పక్కింటి ముత్తైదువను పిలుద్దామని ఎవరో అంటే, ఇంటి ఇల్లాలు ఉండగా పక్కింటామె ఎదురొస్తే ఊళ్లో ఏమనుకుంటారని మీ బావ వద్దన్నారు. చివరికి జగిత్యాలకు ఫోను చేశారు. నాకు ఒంట్లో బాగాలేదని, వచ్చే ఆదివారం వస్తామని చెప్పారు. నా ఒళ్లు ఇంత బాగా ఎన్నడూ లేదు.

వచ్చే ఆదివారం దాని బడికి సెలవే కదా. మొదటి బస్సుకు మీరిద్దరూ రండి. గేటు నుంచి వాకిట్లోకి మీరిద్దరూ ఎదురు నడిచి వస్తేనే నేను జీపు ఎక్కుతాను. పెళ్లికొడుకు తల్లి లేకుండా మాట ఖాయం కాదు, అది కూడా వెయ్యేళ్ల నుంచి ఉన్నదే.

నీ అక్క
జానకి